అక్క ఎక్కలేని జీపు

ఈ రోజు బుధవారం. పొద్దున లేచేసరికి మా పాత జీపు ప్రహరీ గోడ పైనుంచి కనిపిస్తే మురిసిపోయాను. నిన్ననే మంచిర్యాలలో కమాన్ పట్టీలను బండికి పట్టి ఉంచే షాకిళ్లు తీయించి, పొడవాటివి వేయించి దాన్ని ఎత్తు చేయించాను. వాగులో దింపి స్నేహితులకు చూపించాలని నా సరదా.

అంతలో నెలలు నిండిన మా అక్క ఆసుపత్రికి పరీక్షకు బయలుదేరింది. జీపు ఎక్కబోతే కాలు అందలేదు. చీర కుచ్చిళ్లు పట్టుకుని మళ్లీ ప్రయత్నించి, నా వైపు తిరిగింది.

"ఏందిరా తమ్మీ, ఇది జీపా, మంచెనా? ఎక్కి పిట్టల కొట్టాల్నా?"

నేను నవ్వబోయాను. బాపు మాత్రం జీపు పక్కన నేల మీద కూర్చుని, "నా మోకాలు మీద కాలు వెట్టి ఎక్కు బిడ్డా" అన్నాడు. బొగ్గుబాయిలో ఏళ్లపాటు పనిచేసి అరిగిపోయిన మోకాళ్లవి.

"నీ మోకాళ్ల సంగతి నాకు తెల్వదా బాపూ? లే, ఆటో పిలువు."

గుంతల రోడ్డు మీద ఆటో ఊగుతూ పోతుంటే, జీపు తాళం చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాను.

బండి ఎత్తు పెంచే ముందు మీలో ఎవరైనా ఇంట్లో ఎక్కేవాళ్లను అడిగారా? నేనైతే అడగలేదు. నొప్పులు ఎప్పుడైనా రావచ్చని డాక్టరమ్మ చెప్పిందట. రేపు పొద్దున మెకానిక్ షట్టర్ ఎత్తేసరికి పాత షాకిళ్లు పట్టుకుని ఆయన ముందుంటాను.