నొప్పి తెలియని కాటు

వర్ని దాటాక కాలువ కట్ట మీద లారీ దిగాం. భాద్రపదం, ఎడతెగని ముసురు. మోకాటి లోతు నల్లరేగడి బురద. కాలువకు గండిపడి వంతెన కొట్టుకుపోయింది. చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టేలోపు ఇనుప వంతెన నిలబెట్టాలని మా ఆర్మీ ఇంజనీర్ల దళానికి ఆర్డరు. బోధన్ పక్కనే మా ఊరు. సర్వీసు మొత్తంలో ఇంటికి అంత దగ్గర్లో పనిచేసింది అప్పుడొక్కసారే.

టెంట్లు తడిసి ముద్దయ్యాయి. సుబేదారు మమ్మల్ని ఓ ఖాళీ పశువుల కొట్టంలో పడుకోమన్నాడు. గడ్డి, దాని మీద రబ్బరు షీటు, పైన కంబళి. కొట్టం నిండా పిడుదులు. మా వైపు గోమార్లు అంటాం. పొద్దున లేచేసరికి మోకాలి వెనక, చంకల్లో ఉబ్బి వేలాడేవి. కుట్టినట్టే తెలిసేది కాదు.

వాటిని తీసేది మా రేడియో ఆపరేటర్. మెండోర వాడు. తల్లి బీడీలు చుడుతుంది, సెలవు నుంచి వచ్చినప్పుడల్లా కట్ట తెచ్చేవాడు. బీడీ అంటించి నిప్పు కొసను పిడుదుకు ఆనిస్తే అది ఊడిపడేది.

"మా అవ్వ నేర్పింది. బర్లకు గిట్లనే తీస్తది," అని తల్లి మాట చెప్పేవాడు. తన కాళ్ళకున్నవీ అట్లాగే తీసుకునేవాడు.

వారం తిరిగేసరికి వాడికి జ్వరం పట్టుకుంది. మోకాలి వెనక మినపగింజంత నల్ల పొక్కు. పొద్దున సిక్ పరేడ్‌లో, జబ్బు చెప్పుకునే వరసలో, సుబేదారు దాన్ని బొటనవేలితో నొక్కాడు.

"దర్ద్ హై?"

"లేదు సాబ్."

"తో డ్యూటీ పే జావో."

నొప్పి లేకపోతే రోగం లేనట్టే. పైగా అందరి ముందూ కామ్‌చోర్ అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు నేను గండి దగ్గర ఉన్నాను. రేడియో సెట్లో వాడి గొంతు వినిపించింది.

"అన్నా, తలకాయ పలుగుతుంది. అరచేతులల్ల ఎర్ర మచ్చలు లేసినయి."

"సాబ్‌కు సూపెట్టు."

"సూపెట్టిన. సెట్టు పట్టుకొని ఒరుసుకపోయిందన్నడు."

నేనే సుబేదారుకు కాల్ చేసి బండి అడిగాను. బండి ఇనుము తేవడానికి కావాలన్నాడు. ఇనుము ముందు, మనిషి తర్వాత. బండి ఇచ్చేసరికి జ్వరం మైకంలో వాడు నన్ను పోల్చుకోలేదు.

నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టరు ఆ పొక్కు చూసి మా మీద విరుచుకుపడ్డాడు.

"నొప్పి లేదని ఆపారా? నొప్పి తెలియకుండా చేయడమే దాని పని. పిడుదు లాలాజలంలో ప్రోటీన్లుంటాయి. కొన్ని మంట, దురద తెలియనివ్వవు. కొన్ని నెత్తురు గడ్డకట్టనివ్వవు. కొన్ని ఒంటి కాపలాను నిద్రపుచ్చుతాయి. జ్వరం క్రిమి ఆ ఎంగిలితోనే లోపలికి పోతుంది."

బీడీ సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"కాలిస్తే అది ఆ ఎంగిలిని ఇంకా లోపలికి కక్కుతుంది. పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని మెల్లగా లాగాలి."

ముందే తెస్తే మామూలు మాత్రలతో బతికేవాడట. తెల్లారేసరికి వాడు చనిపోయాడు.

మందుపాతర తీయడం మాకు నెలల తరబడి నేర్పారు. పిడుదు తీయడం ఒక్కడూ చెప్పలేదు. ఒక పట్టకారు, ఒక మాట, అంతే కావలసింది. అది కూడా ఇవ్వని వాళ్ళు వాణ్ణి పనిదొంగ అన్నారు.

వంతెన లేచింది. చెరుకు బండ్లు కదిలాయి. సెలవు దొరకగానే వాడి ట్రంకుపెట్టె తీసుకుని మెండోర పోయాను. తల్లి గడపలో కూర్చుని ఉంది, ఒళ్ళో బీడీల చాట.

"దెబ్బ ఏడ తాకింది బిడ్డా?"

నా మోకాలి వెనక చూపించాను. గోమారి అని చెప్పాను. బీడీ మాట చెప్పలేదు.

"గోమారికి సచ్చిండా నా కొడుకు?"

చాటలోంచి ఒక బీడీ తీసి అంటించింది. కొట్టంలోకి పోయి బర్రె పొదుగు పక్కన కూర్చుంది. పళ్ళు బిగించి, దొరికిన గోమారినల్లా కాల్చడం మొదలుపెట్టింది.

వద్దని చెప్పలేకపోయాను. నిప్పు తగ్గినప్పుడల్లా బీడీని నోట్లో పెట్టుకుని, ఒక్క దమ్ము లాగి, మళ్ళీ వంగేది.