దప్పిగొన్న ద్రాక్ష

బట్లరు యేసయ్య ఇరవై రెండేళ్లలో కొన్ని వందల వైను సీసాల బిరడాలు తీశాడు. ఒక్క చుక్క కూడా నాలుక మీద వేసుకోలేదు.

ఈ రెండో సంగతి దేవుడికీ, అతని భార్య శాంతమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

అతను బిజినేపల్లి పక్క ఊరివాడు. మిషను బడిలో నాలుగు తరగతులు చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చాక సికింద్రాబాదు వెళ్లి పల్టన్ దొరల భోజనశాలలో పళ్లాలు కడిగాడు. అక్కడ ఒక ముసలి బట్లరు అతన్ని చేరదీసి, వృత్తి రహస్యంగా మూడు మాటలు నేర్పాడు. స్మూత్. డ్రై. రిచ్. గ్లాసును వెలుతురుకు ఎత్తాలి. ఒక కనుబొమ పైకి లేపాలి. మూడింటిలో ఒక మాట అనాలి. ఏ సీసాకు ఏ మాటో గురువు చెప్పలేదు. అవసరం రాలేదు కూడా. యేసయ్య ఏ మాట అన్నా దొరలు ఆలోచించి, ఔనన్నట్టు తల ఊపారు.

పెళ్లినాడు చర్చిలో, తాగుడు ముట్టనని శాంతమ్మకు మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. మూడు మాటలనూ నిలబెట్టుకున్నాడు. వాటి మీదే వనపర్తి దారిలో ఉన్న ఒక చిన్న జాగీరు అతిథి బంగ్లాలో ఉద్యోగం వచ్చింది. తెల్లకోటు వచ్చింది. ఎర్రపట్టీ తలపాగా వచ్చింది. ఆ తలపాగా కట్టుకుని అతను అంగడికి పోతే కూరగాయలమ్మేవాళ్లు బేరమాడకుండా తూచి ఇచ్చేవారు.

పంతొమ్మిది వందల నలభై నాలుగు, మార్చి నెల. బంగ్లా మేనేజరు హైదరాబాదు వెళ్లి, ఒక విందులో ఒక అమెరికా కెప్టెన్ పక్కన కూర్చున్నాడు. ఆ కెప్టెన్ తండ్రిది కాలిఫోర్నియాలో ద్రాక్షతోట. మాట మీద మాట వచ్చింది. మేనేజరు ఊరుకోలేకపోయాడు. మా బంగ్లాలో ఒక బట్లరున్నాడు, అలాంటి నాలుక ఈ రాజ్యంలో మరొకటి లేదు అన్నాడు.

వారం తిరగకుండా బస్సు మీద ఒక చెక్కపెట్టె దిగింది. పొట్టులో పొదిగిన నాలుగు సీసాలు, ఒక ఉత్తరం. రెండు తెల్లవి, రెండు ఎర్రవి, నాలుగూ మా నాన్న చేసినవి అని రాశాడు కెప్టెన్. ఏ పేరు సీసా ఎలా ఉంటుందో ఒక్కో వరుసలో రాశాడు. ఒక తెల్లది నిమ్మ. ఒక తెల్లది తేనె. ఒక ఎర్రది మిరియాలు, అడవిపళ్లు. ఇంకో ఎర్రది కొత్తగా చెక్కిన పెన్సిలు వాసన, చాలా రిచ్. నల్లమలకు వేటకు పోతూ ఫలానా రోజు మధ్యాహ్నం మీ దగ్గర భోంచేస్తాను, మీ బట్లరు తీర్పు నా చెవులతో వినాలి.

మేనేజరు ఉత్తరం మడిచి యేసయ్య చేతిలో పెట్టాడు.

"యేసయ్యా, నా ఇజ్జత్ నీ నాలిక మీద ఉన్నది. అది జారితే ఆ తలపాగ నా బల్ల మీద పెట్టి ఇంటికి పో."

కిందటేడు ఒక దొర సీసాలు వేడిగా ఉన్నాయని విసుక్కున్నాడు. ఈసారి ఆ మాట పడకూడదని యేసయ్య ముందురోజు పొద్దుగూకకముందే నాలుగు సీసాలనూ బుట్టలో పెట్టి, తాడు కట్టి, బావిలోకి దించాడు. పొద్దున తాడు లాగాడు. సీసాలు చల్లగా వచ్చాయి. తలంటు పోసుకున్న పిల్లల్లా నున్నగా, శుభ్రంగా వచ్చాయి. పేర్లున్న చీటీలు మాత్రం రాలేదు. అవి బావిలో తేలుతున్నాయి. ఒకదాని మీద కప్ప కూర్చుంది.

కప్పను ఒప్పించి, చీటీలు నాలుగూ తీసి గోడ మీద ఆరేశాడు. సీసాలు ఒక వరుసలో పెట్టాడు. నాలుగూ ఒకే అచ్చు, ఒకే ముదురాకుపచ్చ గాజు. ఎండకు ఎత్తి చూస్తే ఎర్రవీ తెల్లవీ విడివడ్డాయి. అంతకుమించి ఏమీ తెలియలేదు. అతను స్మూత్ అనుకున్నాడు. డ్రై అనుకున్నాడు. సీసాలు పలకలేదు.

శాంతమ్మ చాటలో బియ్యం చెరుగుతూ అంతా చూసింది.

"ఇరవై రెండేండ్లు తాగకుండనే తీర్పు చెప్తివి. ఇయ్యాల తాగి చెప్తవా ఏంది?"

"తాగ. నీకు మాటిచ్చిన గద."

"మరి ఎవరు తాగాలె?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది.

బంగ్లా వెనకాల వాగు దాటితే ఈతవనం. దాని అంచున ఒక పందిరి. పందిరి కింద ఈడిగ వెంకటమ్మ కల్లు అమ్ముతుంది. యాభై దాటిన మనిషి. మరిది భీమయ్య చెట్లు గీసి, కల్లు పట్టిన మట్టి లొట్లు దించుతాడు. ఏ లొట్టి కల్లు ఏ చెట్టుదో ఆమె చూడకుండా చెబుతుంది. భీమయ్య ఒకసారి పరీక్షించాలని రెండు చెట్ల కల్లు ఒకే లొట్టిలో కలిపి తెచ్చాడు. ఆమె రుచి చూసి, "గుట్ట మీది గూని చెట్టుకు వాగు కాడి చెట్టుతోని పెండ్లి చేసినవా? నీకు పని లేదారా?" అంది. భీమయ్య మళ్లీ పరీక్ష పెట్టలేదు.

యేసయ్య వాగు దాటి వెళ్లాడు.

"వెంకటక్కా, జర మా బంగ్ల దాక రావాలె."

"ఏంది బట్లరూ? మీ దొరలకు కల్లు మీద మనసైందా?"

"కాదు. దొరల కల్లు నువ్వే రుచి చూడాలె."

దారిలో సంగతంతా చెప్పాడు. తను ఎన్నడూ తాగలేదన్న సంగతి కూడా చెప్పాడు. వెంకటమ్మ వాగు మధ్యలో నిలబడిపోయింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వు ఆగేదాకా అతను కూడా నీళ్లలోనే నిలబడ్డాడు.

వంటింటి వెనక వసారాలో కూర్చుంది. అతను బిరడాలు తీశాడు. ఆమె పద్ధతి ఆమెది. గ్లాసు వద్దంది. అరచేతి గుంటలో ఒక చుక్క పోయించుకుంది. బొటనవేలితో నలిపింది. వాసన చూసింది. నాలుక కొన అద్ది, ఉమ్మింది. కొంగున మూటకట్టుకొచ్చిన ఉప్పులేకుండా ఉడికించిన శనగ గుడాలు రెండు నమిలి నోరు సరిచేసుకుంది.

"పిందె నిమ్మకాయ. పండ్లు జివ్వుమంటున్నయ్."

యేసయ్య నిమ్మ చీటీ ఆ సీసా ముందు పెట్టాడు.

రెండోది. "తేనె. పండును ఎండనిచ్చినంక పిండిండ్రు. గిది మంచిదని చెప్పి తాగిస్తరు, తెల్లారి తల పట్టుకొని కూసుంటరు."

మూడోది. "మిరియం. అడవిల కలేపండ్లు. పడుచు పిల్లగాని లెక్క ఎగురుతుంది. నిలుకడ లేదు."

నాలుగోది. ఆమె రెండుసార్లు వాసన చూసింది. నాలుక అద్దింది. ఇంకో చుక్క పోయమంది.

"పెన్సిలు వాసన ఉన్నదా అక్కా?" అడిగాడు యేసయ్య.

"పెన్సిలంటే ఏంది?"

అతను మేనేజరు బల్ల మీది పెన్సిలు తెచ్చి, చాకుతో చెక్కి, ఆ పొట్టు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె పొట్టును వాసన చూసింది. అరచేతిని వాసన చూసింది.

"ఉన్నది. ఉంటే ఉన్నది గాని, అది పై మాట. లోపట ఇంకోటున్నది."

"ఇది రిచ్ అంట అక్కా."

"గదేంది?"

యేసయ్య ఆ మాట ఇరవై రెండేళ్లుగా అంటున్నాడు. అర్థం చెప్పడం అదే మొదలు. "అంటే... ధనికమైందని."

"ధనికమా!" వెంకటమ్మ అరచెయ్యి చూపించింది. చుక్క ఇంకిపోయినచోట నల్లటి మరక ఉంది. "ఇది కరువు చూసింది తమ్మీ. వాగు కాడి చెట్టు లొట్టి నిండ పారుతది, నీళ్ల లెక్క ఉంటది. గుట్ట మీది గూని చెట్టుకు నీళ్లు దొరకయ్. సగం లొట్టి గూడ కాదు. గని ఆ సగం, గిట్లనే, చిక్కగ, నాలిక మీద కూసుంటది. దీని చెట్టు దప్పికి ఏడ్చింది."

మూడు సీసాలవీ ఉమ్మింది. నాలుగోది మింగింది.

చీటీలు అతికించే పని మిగిలింది. గంజి ఉంది. ఒంటిగంటకల్లా ఆరి అంటుకుంటుందో లేదోనని యేసయ్య అందులో చిటికెడు బెల్లం కలిపాడు. అతికించి ఎండకు పెట్టాడు. చీటీలు గోడకు సున్నంలా పట్టుకున్నాయి. అతనికి ధైర్యం వచ్చింది.

కెప్టెన్ ఒంటిగంటకు జీపు దిగాడు. కుర్రవాడు. మొహమంతా మచ్చలు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. మేనేజరు కుర్చీ చూపించేలోపే కూర్చుని, కోడికూర గిన్నె మూత తనే తీసి చూశాడు. తరువాత యేసయ్య వైపు తిరిగి, ఎదురుగా నిలబడమన్నాడు.

మొదటి గ్లాసు యేసయ్య ముందుకే జరిపాడు. యేసయ్య దాన్ని వెలుతురుకు ఎత్తాడు. వాసన చూశాడు. వాసన చూడనని శాంతమ్మకు మాటివ్వలేదు. గ్లాసు దించి, పొద్దున్నే రుచి చూశాం సార్ అన్నాడు ఇంగ్లీషులో. చూశాం అని బహువచనంలో అన్నాడు. అది అబద్ధం కాదు.

నిమ్మ అన్నాడు. తేనె అన్నాడు. మిరియాలు, అడవిపళ్లు అన్నాడు. మేనేజరు ఒక్కో మాటకూ కెప్టెన్ మొహం చూశాడు. కెప్టెన్ తినడం ఆపాడు.

ఇవన్నీ నా ఉత్తరంలోవే, నీ మాట చెప్పు అన్నాడు.

నాలుగో సీసా బల్ల మీద ఉంది. రిచ్ అనే మాట యేసయ్య పెదవుల దాకా వచ్చింది. ఇన్నేళ్లుగా దానిదే ఆ చోటు. మేనేజరు బల్ల కింద కాలు ఆడిస్తున్నాడు. తలపాగా చెమటకు తడిసి బరువెక్కింది. యేసయ్య ఆ మాటను మింగేశాడు.

"ఈ చెట్టుకు దప్పిక సార్," అన్నాడు.

కెప్టెన్ ముందుకు వంగాడు. మళ్లీ చెప్పమన్నాడు.

యేసయ్య తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. కొండ. నీళ్లు లేవు. పంట సగం. చెట్టు ఏడ్చింది. అందుకే ఇలా ఉంది.

కెప్టెన్ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. అది కొండవాలు తోట. ఆ ఏడు వాన చుక్క పడలేదు. పళ్లు మిరియాల గింజలంత అయ్యాయి. తండ్రి రోజూ సాయంత్రం తీగల మధ్య తిరిగి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడు. ఈ సంగతి ఉత్తరంలో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసింది?

అడుగుతూ సీసా చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఆగాడు. బల్లగుడ్డ మీంచి ఒక సన్నటి చీమల బారు సీసా ఎక్కి, చీటీ అంచున చేరి, దాని మీద అచ్చయిన తండ్రి పేరులో మొదటి అక్షరం చుట్టూ భోజనానికి కూర్చుంది.

మా నాన్న పేరు ఇంత తియ్యనిదని నాకు తెలియదు అన్నాడు కెప్టెన్.

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. యేసయ్య తలపాగా తీసి బల్ల మీద పెట్టాడు. బావి, కప్ప, గంజి, బెల్లం, వరుసగా అన్నీ చెప్పాడు. తాగనన్న మాట చెప్పాడు. మూడు మాటల గురువు సంగతి చెప్పాడు. చివరికి, ఆ దప్పిక మాట నాది కాదు సార్, వాగు అవతల మా అక్కది అన్నాడు.

కెప్టెన్ మొదట కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుకు తుడుచుకున్నాడో మరి దేనికో తెలియలేదు. తరువాత గట్టిగా నవ్వాడు. వేటకు రేపు పోతాను, ముందు ఆమె దగ్గరికి పోదాం అన్నాడు.

సాయంత్రపు లొట్లు దిగే వేళకు ముగ్గురూ వాగు దాటారు. మేనేజరు చెప్పులు చేత పట్టుకుని అందరికన్నా వెనక దాటాడు. వెంకటమ్మ కెప్టెన్‌ను కింది నుంచి మీదికి చూసింది.

"గీ పిలగానిదేనా కరువు తోట?"

"వీళ్ల నాయినదక్కా."

"కూసోమను. నా లొట్లు చూసి చెప్పమను. మనమే చెప్పాల్నా?"

మూడు ఆకుదొప్పల్లో మూడు చెట్ల కల్లు పోసింది. కెప్టెన్ బండ మీద కూర్చుని మొదటిది తాగాడు. రెండోది తాగాడు. మూడోది నోట్లో పెట్టుకుని కాసేపు గుట్టవైపు చూశాడు. అక్కడ గూని చెట్టు ఒక్కటే ఆకాశానికి అడ్డంగా వంగి ఉంది. చేయెత్తి దాన్ని చూపించాడు.

వెంకటమ్మ తల పంకించింది. "పనికొస్తడు," అంది.

ఏమంది అని అడిగాడు కెప్టెన్. యేసయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. కెప్టెన్ లేచి, నాలుగో సీసాలో మిగిలిన సగం ఆమెకిచ్చాడు. చీమలు ఇంకా ఉన్నాయి. ఆమె కొంగుతో దులిపి లోపల దాచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు మేనేజరు అందరికన్నా ముందు వాగు దాటాడు. బంగ్లా మెట్ల దగ్గర ఆగాడు.

"తలపాగ కట్టుకో. ఇగ సీసాలు బావిల వెయ్యకు."

"వెయ్య సార్."

"బెల్లం గూడ."

ఆ తరువాత బంగ్లాకు ఏ కొత్త సీసా వచ్చినా, తీర్పు అడిగినవాళ్లకు యేసయ్య గంటసేపు గడువు అడిగేవాడు. ఒక చిన్న గిన్నెలో నాలుగు చుక్కలు పోసుకుని, తలపాగా సరిచేసుకుని వాగు దాటేవాడు. స్మూత్, డ్రై అప్పుడప్పుడు అనేవాడు. రిచ్ అనే మాట మాత్రం వెంకటమ్మ మింగిన వాటికే అన్నాడు.