ఏడాది ఆగని సీటు

నిరుడు కాలేజీలు తెరిచే ముందు జరిగిందిది. పత్రికలో పని మానేశాక నేను సూరత్‌లోని నవాగామ్‌లోనే ఉంటున్నాను. మా పక్కింటి రాజయ్య సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే నేత కార్మికుడు. ఆయన కూతురు శ్రావణికి నర్సింగ్ సీటు వచ్చింది. అంతలో తల్లి కాలు విరిగి మంచాన పడింది. ఆమెను చూసుకుంటూ ఏడాది ఆగి చేరుతుందని చెప్పడానికి కాలేజీకి వెళ్తూ రాజయ్య నన్నూ తోడు పిలిచాడు. ఆఫీసు గదిలోకి తండ్రీకూతుళ్లనే రానిచ్చారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

గుమస్తా తలెత్తకుండానే ఒక కాగితం ముందుకు తోసి, "అగలే సాల్ ఆనా. యహా సైన్ కరో" అన్నాడు, వచ్చే ఏడాది రా, ఇక్కడ సంతకం పెట్టు అని.

శ్రావణి ఆ కాగితం చదవబోయింది. "పెట్టు బిడ్డా, సార్ చెప్తుండు గదా" అని రాజయ్య తొందరపెట్టాడు.

ఆమె సంతకం పెట్టగానే గుమస్తా ఫోన్ తీసి, సీటు ఖాళీ అయింది రమ్మని ఇంకెవరికో చెప్పాడు.

"మరి నా సీటు?" అంది శ్రావణి హిందీలో.

"రద్దయింది. వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష రాసి రా" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క ముందే ఎందుకు చెప్పలేదని కిటికీలోంచే అరిచాను.

"వాళ్లు అడగలేదు" అన్నాడు.

బయటికొచ్చాక రాజయ్య నా వైపు తిరిగాడు. "నేను ఊరికి పోతె నా బదులు బద్లీ మనిషిని పెట్టి పోత సార్. మళ్లొస్తె నా సాంచా నాకే ఇస్తడు సేఠ్. చదువుకున్నోళ్లు గిట్ల జేస్తరా?"

"కాలేజి సీటంటె సాంచా కాదు బాపూ!" అని శ్రావణి ఏడ్చేసింది.

ఆ సాంచాల యజమాని సేఠ్ కార్మికులను పిండుకుంటాడని నేనెన్నో వార్తలు రాశాను. అలాంటివాడే నయమనిపించిన ఆ కాలేజీ మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.