సార్ జోడీ నేను కాదు

మా తెలుగు సార్ పోయారన్న కబురు నా ఫోన్‌కు రాలేదు. నా భార్య ఫోన్‌కు వచ్చింది. వికారాబాద్‌లో పొద్దున్నే మందుల దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఆమె ఇంటి నుంచి ఫోన్ చేసి, ఏడుస్తూ చెప్పింది. తాండూరు నుంచి సార్ కొడుకు ఆమెకే చేశాడట. సార్ దగ్గర చదువుకున్నది నేను. పెద్దేముల్ నుంచి ఆటోలో వేలాడుతూ తాండూరు బడికి పోయి ఆయన ఎదుట ముందు బెంచీలో కూర్చున్నది నేను. అంత దుఃఖంలోనూ కబురు నాకెందుకు రాలేదన్న ఆలోచనే ముందు వచ్చింది.

పోయినవారి గురించి రాసేటప్పుడు ఇట్లాంటి మాట రాయకూడదేమో. కానీ సార్ తలపుకొస్తే నాకు గౌరవంతో పాటు అసూయా వస్తుంది. దాన్ని దాచి రాస్తే ఆయనకు నచ్చదు. “పుస్తకంల ఉన్నది గాదురా, నీకు అనిపించింది రాయి” అని మా వ్యాసాలు వెనక్కిచ్చిన మనిషి.

క్లాసులో పాఠం పైకి చదవడానికి నన్నే లేపేవారు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కళ్లు మూసుకుని వినేవారు. తప్పు చదివితే కళ్లు తెరిచేవారు, అంతే, తిట్టేవారు కాదు. ఆ కళ్లు తెరుచుకోకుండా పేజీ చివరిదాకా పోతే ఆ రోజంతా నాకు పండగే. పెద్దయ్యాక కూడా ఆయన ఫోన్ వస్తే గల్లా దగ్గర లేచి నిలబడే మాట్లాడేవాణ్ణి. ఆయనకు నాకన్నా దగ్గరి శిష్యుడు లేడని గట్టిగా నమ్మాను.

రిటైరయ్యాక ఒకసారి కంటి పరీక్షకు వికారాబాద్ వచ్చి మా ఇంట్లో భోజనం చేశారు. అప్పుడే నా భార్య ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సు గురించి చదివి వినిపించింది. పాతకాలపు గ్రీకుల, రోమన్ల పురాణాల మీద క్లాసులట. ఆదివారం ఉదయం పాఠం. ఇద్దరిద్దరు జోడీగా చేరి, వారమంతా ఆ కథల మీద మాట్లాడుకుని జవాబులు చెప్పాలి. సార్ అన్నం కలుపుతూ ఆగిపోయారు.

“నాకు గీ కథలు అస్సలు తెల్వయి బిడ్డా. మనిద్దరం చేరుదమా?” అని ఆమెను అడిగారు.

నేను చేరతాను సార్ అని వెంటనే అన్నాను. “నీకు దుకాణం ఉన్నది గదరా” అన్నారు. ఆదివారం నా దుకాణం మూసి ఉంటుందని ఆయనకు తెలుసు.

ఇక ప్రతి ఆదివారం ఆయన తాండూరులో, ఆమె మా ముందుగదిలో. క్లాసు అయ్యాక మళ్లీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి గంటలు గంటలు ముచ్చట్లు. నేను గడ్డం గీసుకుంటూ చెవి అటే పెట్టేవాణ్ణి. గ్రీకుల దేవతలకే రోమన్లు వేరే పేర్లు పెట్టుకున్నారని తెలిసిన రోజు సార్ సంబరం ఇంతా అంతా కాదు. మన దేవతకు ఇక్కడ ఒక పేరు, సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే ఇంకో పేరు, ఇదీ అంతేనన్నారు.

ఒక ఆదివారం పాతాళ రాజు ఎత్తుకుపోయిన పిల్ల కథ. ఆమె అక్కడ దానిమ్మ గింజలు తిన్నది. అందుకని ఏటా కొన్నాళ్లు పాతాళంలోనే ఉండాలి. తల్లి పంటల దేవత, బిడ్డ లేనన్నాళ్లు నేల ఎండిపోతుంది. ఆకలేసి తింటే అంత శిక్షా అని సార్ బాధపడుతుంటే నా భార్య మధ్యలోనే అందుకుంది. “కాదు సార్. ఆ పిల్లకు ఆడ గూడ కొన్నొద్దులు ఉండబుద్ధైందేమో.”

నా చేతిలో రేజరు ఆగింది. సార్‌తో ‘కాదు’ అన్నవాళ్లను నేను చూడలేదు. అవతల సార్ నవ్వారు. గిది నాకు తట్టనే లేదు బిడ్డా అంటూ పడీ పడీ నవ్వారు. ఇన్నేళ్లలో ఆయన నవ్వు అట్లా ఉంటుందని నాకు తెలియదు.

నా ఒళ్లు మండింది. దుకాణంలో గిరాకీ లేనప్పుడు వీడియోలు చూసి, దేవతల రాణి హేరా కథ మొత్తం నేర్చుకున్నాను. భర్త కన్ను ఎవరి మీద పడినా ఓర్వలేక రగిలిపోయే దేవత. సార్‌కు ఫోన్ చేసి, నిలబడి, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. మంచిగ చదివినవురా అన్నారు. ఆ వెంటనే, బిడ్డ ఉన్నదా, ఒకసారి ఫోనియ్యి అన్నారు. ఫోన్ అందుకున్న నా భార్య, మా ఇంట్లనే ఒక హేరా ఉన్నది సార్ అని నన్ను చూస్తూ చెప్పింది. మళ్లీ అదే నవ్వు.

సార్ పోయిన కబురు వచ్చిన రోజే రైలెక్కి తాండూరు పోయాం. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఆమె నా భార్యను పట్టుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. అక్కడా నాది రెండో వరుసే. తర్వాత నా ముఖంలో ఏం చూసిందో, దగ్గరికి పిలిచి కూర్చోబెట్టింది.

“నీతోని జోడీ కట్టకపాయె, ఎందుకని నేనే అడిగిన బిడ్డా. ‘వాని ముందట తెల్వదు అనాల్నంటే నాకు నోరు రాదు, వాడు నాకు అన్నీ తెల్సనుకుంటడు, గట్లనే అనుకోనియ్యి’ అన్నడు మీ సార్.”

ఆ మాటకు ఊరట కలగాలి. కొంత కలిగింది కూడా. కానీ ఏళ్ల తరబడి అన్నీ తెలిసిన సార్ నా వంతుకు వస్తే, ఏమీ తెలియక ఎగబడి నేర్చుకునే సార్ నా భార్య వంతుకు వెళ్లారు. మార్చుకుంటావా అని ఎవరైనా అడిగి ఉంటే ఆలోచించకుండా మార్చుకునేవాణ్ణి.

కోర్సు ఇంకా నడుస్తోంది. మొన్న ఆదివారం నా భార్య క్లాసు పెట్టుకుని, పక్కన కూర్చొమ్మంది. తెర మీద చిన్న చిన్న గడుల్లో మనుషులు. ప్రశ్న అడగాలంటే నొక్కాల్సిన చెయ్యి గుర్తు చూపించింది. “సార్ ఇది ఎన్నడు నొక్కలే. నిజంగనే చెయ్యి లేపుతుండె. టీచరమ్మ చూసేదాక దించకపోతుండె.”

ఆమె అది ప్రతి ఆదివారం చూసింది. నేను చూడలేదు. అందుకే ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ గడిని ఊహించుకుంటున్నాను. తాండూరు ఇంటి ముందుగది, తెల్లచొక్కా, చిన్నపిల్లవాడిలా పైకెత్తిన చెయ్యి. ఎంత ప్రయత్నించినా ఆ చేతిలో నాకు సుద్దముక్కే కనిపిస్తోంది.