అన్నయ్య ఫొటో కింద షోరూమ్ పేరు

నిన్న ఉదయం డ్యూటీకి వెళ్తూ గమ్హరియాలో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండగా పెదనాన్న ఫోన్ చేశారు. "ఇమ్మానుయేలు లేడమ్మా" అన్నారు.

అన్నయ్య ఎక్కడికి వెళ్ళాడని అడిగాను. నిజంగానే అడిగాను.

హార్ట్ ఎటాక్. నలభై రెండేళ్ళకి.

ఇప్పుడు అందరూ "గ్రేట్ ఆర్టిస్ట్" అని స్టేటస్‌లు పెడుతున్నారు. సిగ్గనిపించడం లేదా? మొన్నటిదాకా మీ నోటికి మా అన్నయ్య గోడలు పాడుచేసే పనిలేనోడు.

తెలియని వాళ్ళకి చెబుతున్నాను. అన్నయ్య ఉద్యోగం ఫ్లెక్సీ షాపులో. వారమంతా సేల్ బ్యానర్లు ప్రింట్ చేసేవాడు. ఆదివారం చర్చి అయ్యాక ఇంట్లో తను గీసిన బొమ్మలు స్క్రీన్ ప్రింటింగ్‌తో తీసి, మైదా జిగురుతో మా పేట బాగ్‌బేరా గోడలకి అంటించేవాడు.

అందులో మా నానమ్మ బొమ్మ ఒకటి. నుదుటి మీద బార్‌కోడ్. కింద, ఇక్కడందరూ చదివే హిందీలో, పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళండి అని.

నానమ్మ చూసి, "ఏట్రా, నన్నిచ్చి ఏటి తెచ్చుకుంతావు? మిక్సీయా?" అంది.

"నీకు మిక్సీ ఎవడిత్తాడే, జార్ మూత ఇత్తారు" అన్నాడు. నానమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ప్రింట్‌ని ఒక షోరూమ్ ఓనర్ గోడ మీంచి ఊడబీకి, ఫ్రేమ్ కట్టించి, ఫ్రిజ్‌ల పైన తగిలించాడు. తీసేయమని అన్నయ్య వెళ్తే, "అరే భాయ్, కస్టమర్లకి నచ్చింది, ఇంకో పది వేసివ్వు" అన్నాడట. ఆ రోజు అన్నయ్య అన్నం తినలేదు.

నిన్న మధ్యాహ్నం నాకో ఫోన్. "దీదీ, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మేం వేయిస్తాం, మంచి ఫొటో పంపండి." ఎవరని కూడా అడగకుండా ఏడుస్తూ పంపేశాను.

ఈ ఉదయం చర్చి గేటుకి కట్టారు. నవ్వుతున్న అన్నయ్య. ప్రభువునందు నిద్రించెను. దాని కిందే అదే షోరూమ్ పేరు, జీరో డౌన్ పేమెంట్.

ఇంటికెళ్ళి కత్తి తెచ్చి తాళ్ళు కోసేశాను.

పెదనాన్న నా చెయ్యి పట్టుకున్నారు. "ఊరుకోమ్మా. పెద్దోళ్ళు, గౌరవిత్తన్నారు."

"గౌరవం కాదు పెదనాన్నా. చచ్చిపోయాక కూడా అన్నయ్యని వాడుకుంతన్నారు."

ఆయన గేటు దగ్గరే కూలబడి ఏడ్చారు. నా వల్లే.

ఈరోజు సాయంత్రం నాలుగింటికి సమాధి కార్యక్రమం. రండి. ఆ షోరూమ్ వాళ్ళు మాత్రం దండ పట్టుకొచ్చినా గేటు దాటనివ్వను.

అన్నయ్యా, నీ మొహం వాళ్ళ చేతిలో పెట్టింది నేనే. తిట్టడానికి కూడా నువ్వు లేవు.

వెళ్ళిరా. ఎవరూ నిన్ను చూపించి ఏదీ అమ్ముకోని చోట హాయిగా నిద్రపో.