టార్విక్‌ను చంపింది కొబ్బరి నీళ్ళు కాదు

మా చిన్నప్పుడు... దసరా పొద్దున నాన్న తన మట్టి తవ్వే మిషన్‌కి తలస్నానం చేయించేవాడు. అవును, తలస్నానమే. బిందెలతో నీళ్ళు పోసి, సర్ఫు రుద్ది, అమ్మ పాత చీర పేలికతో తుడిచి, పసుపు కుంకుమ బొట్లు పెట్టేవాడు. ఇదంతా ఒమాన్‌లో, ఖురియాత్ దగ్గర, ఎండిపోయిన వాగు పక్కన కంకర సైట్‌లో.

ఆ మిషన్ కంపెనీ పేరు టార్విక్. మీరు విని ఉండరు. పసుపు రంగు ఎక్స్‌కవేటర్లే తెలిసినవాళ్ళకి చెబుతున్నా... ఇది ఆకుపచ్చది. యూరప్‌లో ఎక్కడో నాగళ్ళు చేసుకునే అన్నదమ్ములు మొదలుపెట్టిన చిన్న కంపెనీ అట. అన్నదమ్ములు విడిపోయారు, ఫ్యాక్టరీ మూతపడింది. ఓడెక్కి ఒమాన్ వచ్చిన కొద్ది మిషన్లలో, నాకు ఊహ తెలిసేనాటికి నాన్న నడిపేది ఒక్కటే మిగిలింది.

ఈ చరిత్రంతా మొన్న నెట్‌లో చదివాను. చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఎందుకో చెబుతా.

నాన్నది జగిత్యాల వైపు. అమ్మ అర్బాబు ఇంట్లో బట్టలు కుట్టేది. అర్బాబు అంటే మా యజమాని. ఆయన ఖర్జూర తోటలోనే మాకో రూమ్ ఇచ్చాడు. లేకపోతే మా చుట్టాల పిల్లల్లా నేనూ నాన్నను ఫోటోలో చూసుకుంటూ పెరిగేదాన్ని.

ఫ్యాక్టరీయే లేకపోతే సామాను ఎక్కడిది... ఆయిల్ పైపు దగ్గర రబ్బరు సీలు అరిగిపోతే, నాన్న లారీ ట్యూబు కోసి సీలు చేసుకున్నాడు. అది రాత్రంతా ఆయిల్ కార్చేది. అందుకని డ్యూటీ దిగగానే సీటు వెనక ఉన్న ఆయిల్ ట్యాంకు వాల్వు మూసేవాడు. పొద్దున అది తెరిచాకే స్టార్ట్ చేసేవాడు. మూసి ఉండగా ఇంజన్ వేస్తే పంపుకి ఆయిల్ అందదు, ఎండి పట్టేస్తుంది. ఇది నాకూ తెలుసు. సద్ది డబ్బా చేతికిస్తూ రోజూ అడిగేదాన్ని...

"నాయినా, వాల్వు తెరుస్తవా మరి?"

"మరుస్తనా బిడ్డా" అని నవ్వేవాడు.

ఆ ఏడు దసరా శుక్రవారం వచ్చింది. సైట్‌కి ఎలాగూ సెలవే. పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టకూడదు కదా... నాన్న వాల్వు తెరవనే లేదు. మిషన్ చైను ముందర రాయి మీద కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు చెంబులో పట్టాడు. ఆ నీళ్ళు తాగింది నేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన జమ్మి చెట్టే అక్కడ గాఫ్ చెట్టు. ఆ ఆకు తెంపి, బంగారమని అందరి చేతుల్లో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన సూపర్‌వైజర్ చేతిలోనూ పెట్టాడు. ఆ పెద్దమనిషి ఆకు జేబులో వేసుకుని, తన దోస్తు తోటలో గుంత తవ్వాలి, మిషన్ తియ్యి అన్నాడు.

"ఆజ్ హాత్ నై లగాతే సాబ్. కల్ సుబే మై కర్ దేతా" అన్నాడు నాన్న. ఈ రోజు ముట్టుకోమని, రేపు పొద్దున తనే చేసి పెడతానని.

"మిషన్ హై, భగవాన్ నహీ" అని విసుక్కుని వెళ్ళిపోయాడు సూపర్‌వైజర్.

నాన్న పక్క రూముల వాళ్ళకు ఆకు పంచుతున్నాడు. అంతలో ఇంజన్ చప్పుడు. ఆఫీసులో ఉన్న రెండో తాళం తెచ్చి, ఆయనగారే ఎక్కి కూర్చున్నాడు. "వాల్వ్ బంద్ హై సాబ్, ఇంజన్ బంద్ కరో" అంటూ నాన్న చేతిలో జమ్మి కొమ్మతోనే పరుగెత్తాడు. వినిపించుకోలేదు. పంపు కీచుమని అరిచి పట్టేసింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సాయంత్రం అర్బాబు వచ్చేసరికి కథ తయారు. ఆపరేటర్ పూజ పేరు చెప్పి ఆయిల్ ట్యాంకులో కొబ్బరి నీళ్ళు పోశాడు, పంపు పోయింది... సూపర్‌వైజర్ గడగడా అరబ్బీలో చెప్పేశాడు. నాన్నకు వచ్చిన అరబ్బీ పని వరకే. "మాఫీ నారియల్ అర్బాబ్, మాఫీ నారియల్" అన్నాడు. మాఫీ అంటే అరబ్బీలో లేదు అని. కొబ్బరి నీళ్ళు పోయలేదని చెప్పబోతే, కొబ్బరికాయే లేదు అన్నట్టయింది పాపం. చిప్పలు ఎదురుగానే ఉన్నాయి. అర్బాబు చెడ్డవాడు కాదు, కానీ అబద్ధమాడే మనిషిని ఉంచుకోడు.

ఆ పంపు మళ్ళీ దొరకలేదు. టార్విక్‌ను షెడ్డు వెనక్కి ఈడ్చి పడేశారు. నాన్న వీసా క్యాన్సిల్ చేశారు. చలికాలం రాకముందే ముగ్గురం ఊరికొచ్చి పడ్డాం. చేసింది ఒకడు, అనుభవించింది మేము.

ఇన్నేళ్ళకు, పాత మిషన్ల అభిమానులట, ఇంగ్లీషులో టార్విక్ చరిత్ర రాశారు. చివర్లో ఫోటో... అదే షెడ్డు, అదే ఆకుపచ్చ మిషన్. దాని కింద ఏం రాశారో తెలుసా? ఒమాన్‌లో చివరి టార్విక్‌ను ఒక ఇండియన్ ఆపరేటర్ కొబ్బరి నీళ్ళు పోసి చంపాడట. కిందంతా పడీ పడీ నవ్వే బొమ్మలు.

జరిగింది జరిగినట్టు అక్కడే కామెంట్ పెట్టాను. "ఆసక్తికరంగా ఉంది, ఆధారం ఉందా?" అని జవాబిచ్చారు. ఏం, కొబ్బరి నీళ్ళ కథకు ఏ ఆధారం చూశారు మీరు? సూపర్‌వైజర్ నోటి మాట చరిత్ర, ఆపరేటర్ కూతురి మాట కట్టుకథా?

నాన్నకు ఇంగ్లీషు రాదు. ఫోటో మాత్రం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రంగు ఇంకా పోలే సూడు... కింద ఏం రాసిండ్రు బిడ్డా?"

"మస్తు పనిచేసిన బండి అని రాసిండ్రు నాయినా."

"నడిపినోని పేరు రాసిండ్రా?"

"లే."

"గంతే తియ్" అన్నాడు. మా నాన్న పేరు ఎక్కడా లేనందుకు సంతోషించాల్సిన గతి పట్టించారు నాకు.

ఇప్పుడు దసరా వస్తే మా ఊళ్ళో పసుపు రంగు మిషన్లను వరసగా నిలబెట్టి, డీజే పెట్టి మరీ పూజ చేస్తున్నారు. కొబ్బరికాయ కొట్టే వేళకి నాన్న ఒక్కడే లేచి, దూరంగా వెళ్ళి నిలబడతాడు...

మీ ఇళ్ళలోనూ చేయని తప్పు మోసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ సంగతి కింద రాయండి. నేను ఆధారం అడగను.