పూజలో పెట్టిన తుపాకీ

పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. నాకింకా పెళ్లి కాలేదు. రంగూన్‌లో చిమిండైంగ్ అనే పేటలో ఉండేవాళ్లం. నాన్న రేవులో కూలీల మేస్త్రీ. ఎవరెవరినో బతిమాలి లైసెన్సు తెచ్చుకుని తుపాకీ కొన్నాడు.

"ఇదుంటే దొంగలు మన గుమ్మం తొక్కరే" అన్నాడు.

"దీనికోసమే వత్తారు, సూడు" అంది అమ్మ. రోజూ ఇదే గొడవ.

దసరా నాడు పనిముట్లతోపాటు తుపాకీకీ కుంకుమబొట్టు పెట్టి అమ్మవారి ముందు ఉంచాడు నాన్న. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా ముట్టుకోకూడదు. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే కత్తులతో నలుగురు లోపలికొచ్చారు. నాన్న తుపాకీ వైపు చెయ్యి చాచాడు. అది ఎంగిలి చెయ్యి. కుంకుమబొట్టు చూసి ఆగిపోయాడు. వాళ్లు ఆగలేదు. అమ్మ మెళ్లో గొలుసు వైపైనా చూడకుండా తుపాకీ ఒక్కటే పట్టుకుపోయారు.

పోలీసులకు చెప్పినా తుపాకీ దొరకలేదు. కొన్నాళ్లకు పక్క పేట సంచౌంగ్‌లో దొంగలు ఒక బియ్యం వర్తకుణ్ణి కాల్చి చంపారు.

తన మాటే నిజమైందని అమ్మ ఒక్కసారీ అనలేదు. ఊళ్లో ఎక్కడ తుపాకీ పేలిందని విన్నా నాన్న మాత్రం కంచం ముందు నుంచి లేచి అడిగేవాడు: "మనదేనేటే?"